నిటారు మాస్టారి గుండుదారం

ఆ వీధిలో ఆయన్ని అందరూ నిటారు మాస్టారనేవారు. బళ్ళో పాఠాలు చెప్పినవాడేం కాదు. ఆసుపత్రి ఎముకల వార్డులో పదిహేడేళ్ళు రోగులను లేపి నడిపించే పని చేశాడు. నరం ఎక్కడ పట్టేస్తుందో, ఎలా నొక్కితే వదులుతుందో అక్కడే నేర్చుకుని, ఇంటి ముందు గదిలో సొంతంగా బల్ల వేసుకున్నాడు. గూని పడ్డ దర్జీలు, మెడలు పట్టేసిన డ్రైవర్లు, రోజంతా నిలబడి నడుములు పోయిన సెలూన్‌వాళ్ళు వచ్చి ఆ బల్ల మీద బోర్లా పడుకునేవారు. ఆయన బొటనవేలు వెన్ను పక్కన దిగగానే "అమ్మో" అన్నవాడే లేచేటప్పుడు "అబ్బ, ప్రాణం లేచొచ్చింది" అనేవాడు. ఆడవాళ్ళకు ఆయన భార్య చేసేది, తెర ఇవతల నుంచి ఈయన చెబుతుంటే. చేతులు ఆవిడవి, పెత్తనం ఈయనది.

గది మధ్యలో పైకప్పు నుంచి ఒక గుండుదారం వేలాడేది. మేస్త్రీలు గోడ నిలువు చూసుకునేదే. వచ్చినవాణ్ణి దాని పక్కన నిలబెట్టి, చెవీ భుజమూ తుంటీ చీలమండా ఆ దారానికి సరిపోతున్నాయో లేదో ఒంటికన్ను మూసి చూసేవాడు. వీధిలో మాత్రం ఊరుకునేవాడా! బస్టాపులో ముక్కూమొహం తెలియనివాడు వంగి నిలబడినా వెళ్ళి వీపు మీద అరచెయ్యి ఆనించి "నిటారుగా!" అనేవాడు. ఒకాయన జేబుదొంగ అనుకుని చెయ్యి పట్టేసుకున్నాడు కూడా.

ఆ గది గోడ మీదే కూతురి చిన్నప్పటి ఫొటో ఉండేది. బడి పిల్లలందరినీ వరసగా నిలబెట్టి తీసిన ఫొటో. మిగతావాళ్ళు ఒకరి మీద ఒకరు వాలి ఇకిలిస్తుంటే ఎనిమిదేళ్ళ ఆ పిల్ల ఒక్కతే కొయ్యబొమ్మలా నిలబడి ఉంటుంది. "మా అమ్మాయి నిలువు చూడండి!" అని వచ్చిన ప్రతివాడికీ చూపించేవాడు. రోజూ బడికి పోయేముందు ఆ పిల్లను దారం పక్కన నిలబెట్టి, సరిగ్గా లేకపోతే వెనక నిలబడి వీపు మీద చెయ్యివేసి సరిచేసేవాడు. కొట్టలేదు, తిట్టలేదు. ఆ మాటకొస్తే అది ముద్దే అనుకున్నాడు.

ఇప్పుడు ఆ అమ్మాయికి ముప్పై రెండేళ్ళు. రక్త పరీక్షల ల్యాబులో ఉద్యోగం. నాలుగేళ్ళుగా మెడ కింద నుంచి కుడి రెక్క ఎముక దాకా ఒకటే నొప్పి. రెండున్నరేళ్ళ సొంత కూతుర్ని ఎత్తుకోలేకపోతోంది. పిల్ల చేతులు చాపితే కింద కూర్చుని దగ్గరికి తీసుకుంటుంది, అంతే. ఊరందరికీ శకునం చెప్పే బల్లి కుడితి తొట్టిలో పడ్డట్టు, ఊరందరి నడుములూ సరిచేసే మాస్టారికి కూతురి వీపు లొంగలేదు. ప్రతి ఆదివారం ఆమె వచ్చి పడుకునేది. ఆయన చెమటలు కక్కుతూ నొక్కేవాడు. వెళ్ళేటప్పటికి నొప్పి ఇంకా పెరిగేది.

"ఆ మైక్రోస్కోపు మీదికి వంగి వంగి ఇలా తయారయ్యావు. నేను చెప్పలేదూ?" అనేవాడు.

"దాని దగ్గర నొప్పి రాదు నాన్నా" అనేది ఆమె. ఆయన వినిపించుకునేవాడు కాదు.

ఒక ఆదివారం తలుపు సందులో పడి ఆయన బొటనవేలు వాచింది. ఆ పూట కూతుర్ని భార్యకు అప్పజెప్పి, వాపు మందు కోసం వీధి చివరికి వెళ్ళాడు. తిరిగొచ్చి చప్పుడు చెయ్యకుండా తెర తీశాడు. కూతురి వీపు బల్ల మీద తడిగుడ్డలా పరుచుకుని ఉంది. నాలుగేళ్ళుగా ఆయన వేళ్ళకు లొంగని రెక్క ఎముక హాయిగా కిందికి దిగి ఉంది.

"తగ్గిందా తల్లీ?" అన్నాడు సంతోషం పట్టలేక.

భార్య ఉలిక్కిపడి తన చేతుల వంక చూసుకుంది. "ఇదేమిటండీ, ఇప్పుడేగా మెత్తబడింది, అంతలోనే గట్టిపడింది!"

ఆయన ఎడమచెయ్యి వేసి చూశాడు. ఎక్కడి రాయి అక్కడే, రెక్క ఎముక మళ్ళీ బిగిసి ఉంది. చేతులు కడుక్కుందామని పెరట్లోకి వెళ్ళాడో లేదో, "మళ్ళీ దిగిందండీ" అని భార్య కేక వినిపించింది.

ఆయనకు అనుమానం వచ్చింది. గడప దాకా వచ్చి దగ్గాడు.

"బిగుసుకుంది" అంది భార్య లోపలి నుంచి.

కాసేపాగి చెప్పులు చప్పుడు చేశాడు.

"మళ్ళీ బిగుసుకుంది. ఇంక చాలు, పరీక్షలాపి అవతలికి వెళ్ళండి! అమ్మాయి ఏడుస్తోంది."

కూతురు లేచి కూర్చుని తువ్వాలుతో మొహం తుడుచుకుంది. "నేను కావాలని చెయ్యట్లేదు నాన్నా."

"తెలుసమ్మా. ఆ నొప్పి... ఎప్పుడొస్తుంది?"

"ఎవరైనా వెనక నిలబడితే."

"తప్పు నాదేనమ్మా."

"పోనీలే నాన్నా, నువ్వేం చెడ్డ చెయ్యలేదుగా" అంది ఆమె. ఆ మాట అంటున్నంతసేపూ వెన్ను గుంజలా నిలబెట్టే ఉంది. తిట్టినా బాగుండేదనిపించింది ఆయనకు.

కూతురు వెళ్ళాక ఫొటో ముందు నిలబడ్డాడు. ఇరవై నాలుగేళ్ళు అందులో నిలువే చూశాడు. మెడ నరాలు తేలి ఉండటం, పెదవులు బిగించి పిల్ల ఊపిరి బిగబట్టి ఉండటం ఆ రోజే కంటపడ్డాయి. ఆ ఫొటో రోజు పొద్దున "కాళ్ళు నొప్పి నాన్నా" అంటున్నా మూడుసార్లు దారం దగ్గర నిలబెట్టాడు. ఆ సంగతిని ఎంతమంది రోగులకు నవ్వుతూ చెప్పాడో లెక్కలేదు. వాళ్ళూ నవ్వారు. కుర్చీ ఎక్కి దారం తెంపేశాడు. ఫొటో తీసి గోడకేసి తిప్పి పెట్టాడు.

మర్నాటి నుంచి రోగులను ముట్టుకోబోతూ, "చెయ్యి వెయ్యమంటారా?" అని అడగడం మొదలుపెట్టాడు. మాస్టారికి మతి పోయిందన్నారు వాళ్ళు.

ఆదివారాలు భార్యే చేసేది. ఆయన మనవరాల్ని తీసుకుని వీధిలోకి పోయేవాడు. కూతురికి కొంచెం నయమైంది. పిల్లను ఒక్క నిమిషం ఎత్తుకోగలుగుతోంది.

అయిదో ఆదివారం వాన పట్టుకుని బయటికి పోవడానికి వీల్లేకపోయింది. మనవరాలు నేల మీద గిన్నెల మూతలు వేసుకుని, వీపంతా గుండ్రంగా వంచి ఆడుకుంటోంది. పక్కనే కూర్చున్న ఆయన అరచెయ్యి దానంతటదే లేచింది. ఆ చిన్న వీపుకు జానెడు దూరం దాకా వెళ్ళింది.

తెర తీసుకుని బయటికొస్తున్న కూతురు అది చూసింది. ఆమె భుజాలు చటుక్కున పైకి లేచాయి.

ఆయన చెయ్యి వెనక్కి తీసుకుని మోకాలి మీద పెట్టుకున్నాడు. జన్మలో మొదటిసారి తన వెన్ను వదిలేసి, పిల్ల పక్కన గూనివాడిలా వంగి కూర్చున్నాడు.

"రా అమ్మా, కూర్చో" అన్నాడు. "ఎలా కావాలంటే అలా."

ఆమె వచ్చి ఆయన వెనక గోడ పక్కన కూర్చుంది. గోడకు ఆనుకుందా, నిటారుగానే కూర్చుందా, భుజాలు దిగాయా లేదా? తిరిగి చూస్తే మళ్ళీ బిగుసుకుంటాయి. మనవరాలు ఒక మూత ఇచ్చింది. ఆయన దాన్ని తీసుకుని, వెనక్కి తిరగకుండా, ఆ మూత వైపే చూస్తూ కూర్చున్నాడు.