నుదుటి రూపాయి

నా చిన్నప్పుడు మా ఇంట్లో భయాల పెత్తనమంతా మా నాయనమ్మదే. ఏ వేళప్పుడు జుట్టు విరబోసుకోకూడదో, ఏ రేవులో కాలు పెట్టకూడదో ఆవిడ చెప్పేది, మేం వణికేవాళ్ళం. మాది కొవ్వూరు. నాన్న గోదావరి మీద వేటకు వెళ్ళేవారు. అమ్మ ఆ చేపల్ని గంపలో పెట్టుకుని, రైల్లో వంతెన దాటి, రాజమండ్రి వీధుల్లో అమ్మేది. మొన్న కన్నుమూసిన మా నాణేల మావయ్యగారు మాకు పరిచయమైంది ఆ గంప వల్లే. ఆయన పాత నాణేలు కొని అమ్మేవారు. కాలేజీ మేష్టర్లు కూడా ఆయన మాటకు విలువ ఇచ్చేవారు.

ఒక ఏడు, వానలకు ముందు, నాన్న వలలో ఒక వెండి రూపాయి పడింది. రాజుగారి తలకాయ ఉన్న పాతకాలపు బిళ్ళ. నాన్న మురిసిపోయి దాన్ని గుడ్డపీలికలో చుట్టి, నల్లతాడుకు కట్టి నా మెడలో వేశారు. నేను వీధంతా తిరిగి అందరికీ చూపించుకున్నాను. అప్పుడు నాయనమ్మ ఊళ్ళో లేదు. మేనత్త ఇంటికి వెళ్ళి, గోదావరికి ఎర్రనీరు వచ్చాక గానీ తిరిగి రాలేదు. వస్తూనే నా మెడ చూసి, గుడ్డ విప్పి, కాలినట్టు చెయ్యి వెనక్కి తీసుకుంది.

"ఏట్లో దొరికిందిరా ఇది? సచ్చినోళ్ళ నుదుటి రూపాయిరా. పిల్ల మెడలో ఏశావా?"

మా వైపు మనిషి పోతే నుదుటి మీద రూపాయి పెడతారు. తర్వాత దాన్ని అస్థికలతో పాటు గోదాట్లో కలిపేవాళ్ళు చాలామంది. ఆ సంగతి నాకు తెలుసు. నాకు తెలియనిది, ఆ రూపాయి గలవాళ్ళు దానికోసం వస్తారని. వస్తారని నాయనమ్మ చెప్పింది. తీసిన చేతితోనే, తీసిన చోటే వదిలెయ్యాలని, లేకపోతే పిల్ల దక్కదని కూడా చెప్పింది. నాన్న ఆవిడ మాటకు ఎన్నడూ ఎదురు చెప్పినవారు కారు. మర్నాడు పొద్దున్నే పడవ తీస్తానన్నారు.

అప్పుడు గోదావరి ఎలా ఉందో మాటల్లో చెప్పలేను. నీళ్ళు గట్టును ఒరుసుకుని పోతున్నాయి, ఆ హోరు మా గుమ్మంలోకి వినిపిస్తోంది. అందులోకి నాన్న ఒక్కరే వెళ్తారు, నా మెడలో బిళ్ళ కోసం వెళ్తారు. రూపాయి ఉంటే నేను చచ్చిపోతాను, వదిలెయ్యడానికి వెళ్తే నాన్న చచ్చిపోతారు.

అమ్మ ఎవరితోనూ వాదించలేదు. గంప లేకుండా, నన్ను రెక్క పట్టుకుని రైలెక్కింది. వంతెన మీద జనం ఎప్పటిలాగే దణ్ణం పెట్టి గోదావరిలోకి డబ్బులు విసిరారు. ఎప్పుడూ కిటికీకి అతుక్కుపోయే నేను అమ్మ కొంగులో మొహం దాచుకున్నాను.

మావయ్యగారి కొట్టు కోటగుమ్మం దగ్గర ఒక ఇరుకు గది. అమ్మ చెప్పిందంతా ఆయన ఓపిగ్గా విన్నారు. గుడ్డ విప్పి రూపాయి తీశారు. నేను గుమ్మం దాకా వెనక్కి జరిగాను. అప్పుడాయన, నేను కలలో కూడా అనుకోని పని చేశారు. వేలు తడి చేసుకుని, ఆ రూపాయిని తన నుదుటికి అంటించుకున్నారు.

"అయ్యో, తీసెయ్యండి బాబుగారూ, మీకేం ఖర్మండి," అని అమ్మ లేచి నిలబడిపోయింది.

నేను కెవ్వుమన్నాను. ఆయన అక్కడికక్కడే పడిపోతారనుకున్నాను. ఆయన మాత్రం రూపాయి నుదుట పెట్టుకుని మామూలుగా కూర్చున్నారు. కాసేపటికి నేను ఏడుపు మానేసి, ఆయన ఊపిరి తీస్తున్నారా లేదా అని గుండెల వైపే చూస్తున్నాను. తీస్తున్నారు.

"భయపడమ్మా, తప్పేం లేదు," అన్నారు. "కాకపోతే చూసి భయపడు."

రూపాయి తీసి బల్ల మీద పెట్టి, నా చేతికి భూతద్దం ఇచ్చారు. అక్కడ ఏముందో ఆయన చెప్పలేదు. చెయ్యి వణుకుతుంటే ఆ అద్దంలో రాజుగారు అటూ ఇటూ ఊగిపోయారు. చాలాసేపటికి, రాజుగారి నెత్తికి పైన, అంచు మీద చిన్న బుడిపె కనపడింది. గోటితో తడిమితే గరుగ్గా ఉంది. అది తాడు దూర్చే కొక్కెం అతికించిన మచ్చ అని ఆయన అప్పుడు చెప్పారు. తిప్పి చూస్తే వెనకవైపు పువ్వులన్నీ అరిగిపోయి నున్నగా ఉన్నాయి. రాజుగారి వైపు మాత్రం అక్షరాలు చదవడానికి వస్తున్నాయి. ఒక్క వైపే ఎందుకు అరిగిందమ్మా అని అడిగారు. నా చెయ్యి దానంతటదే మెడ మీదికి వెళ్ళింది.

"ఎవరి మెడలోదో అండి," అన్నాను.

"మరి ఇంతలా అరగాలంటే ఆ మనిషి ఎన్నాళ్ళు బతికి ఉండాలి?"

అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. ఆయన భూతద్దం కూడా మాకే ఇచ్చి పంపించారు, నాయనమ్మకు చూపించమని. నాయనమ్మ అద్దంలో చూడనేలేదు. బొటనవేలితో ఆ మచ్చను తడిమి, ఏ తల్లి కన్న బిడ్డదో అని నిట్టూర్చి, తనే తాడు మళ్ళీ నా మెడలో కట్టింది. మర్నాడు మా కళ్ళ ముందే వేళ్ళతో సహా చెట్లు కొట్టుకుపోయాయి. నాన్న గట్టు మీద వల బాగుచేసుకుంటూ కూర్చున్నారు.

ఆ భూతద్దం తిరిగి ఇవ్వడానికి వెళ్ళినదాన్ని, ఆ కొట్టును మరి వదల్లేదు. నాణెం చూడడం, కొనడం, కొనకుండా ఉండడం, అన్నీ ఆయన దగ్గరే నేర్చుకున్నాను. పని బాగా వచ్చాక నాకో అనుమానం పుట్టింది. కొక్కెం ఊడిన రూపాయినైనా పోయినవాళ్ళ నుదుట పెట్టొచ్చు కదా. ఆయన్నే అడిగాను.

"పెట్టే ఉండొచ్చు," అన్నారు తాపీగా. "మీ నాన్న ఏట్లోకి దిగలేదు కదా."

మొన్న కబురందిన వెంటనే వెళ్ళాను. ఈ వయసులోనూ శవాన్ని చూడాలంటే నాకు భయమే. గుమ్మంలో చెప్పులు విడిచి అక్కడే నిలబడిపోయాను. లోపల వాళ్ళబ్బాయి నుదుట పెట్టడానికి రూపాయి కోసం జేబులు తడుముకుంటున్నాడు. ఇంటినిండా నాణేలున్న మనిషికి రూపాయి వెతుకుతున్నారని నాకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. కళ్ళజోడు పెట్టుకున్నాను. దగ్గరకు వెళ్ళి ఆయన మొహంలోకి చూశాను. నా చూపు ముందు గుండెల మీదికే పోయింది. ఈసారి ఊపిరి లేదు. మెడలో తాడు విప్పి, గుడ్డలోంచి రూపాయి తీసి, వేలు తడి చేసుకుని ఆయన నుదుట పెట్టాను. చాలా భయమేసింది, కానీ చెయ్యి వణకలేదు.

నిన్న అస్థికలతో పాటు దాన్ని కూడా గోదావరిలో కలిపారు. ఎప్పుడో ఎవరి వలలోనైనా పడుతుంది. వాళ్ళింట్లోనూ నాలాంటి పిల్ల ఒకతి ఉంటుంది. ఈసారి మా నాయనమ్మ మాట అక్షరాలా నిజం, అది పోయినాయన నుదుటి రూపాయే. అయినా ఆ పిల్ల దాన్ని మెడలో వేసుకోవచ్చు.