తువ్వాలు ముడి

హిందూపురం బస్టాండులో కిటికీలోంచి తువ్వాలు వేసి సీటు పట్టుకున్నాను. నేను ఎక్కేసరికి ఒక గొర్రెల కాపరి దాన్ని పక్కకు నెట్టి కూర్చున్నాడు.

"నా సీటది, లెయ్!"

"గుడ్డక్కూడా టికెట్ ఉండాదా అబ్బా?"

పెనుకొండ దాటినా ఇద్దరం తిట్టుకుంటూనే ఉన్నాం. ధర్మవరం దారిలో వంక పొంగి బస్సు నీళ్లలో ఆగిపోయింది. నడుంలోతు వరదలో దిగి నడవాల్సి వచ్చింది. ఆయన నా తువ్వాలే లాక్కుని, ఒక కొస తన చేతికి, రెండో కొస నా చేతికి కట్టాడు.

"నా మీద నమ్మకం లేదా?" అని అరిచాను.

"నమ్మకముంటే చెయ్యి పట్టుకుంటా గదప్పా. లేదు గాబట్టే కడతాండా."

నేను జారితే ఆయన లాగాడు, ఆయన జారితే నేను లాగాను.

గట్టెక్కాక తడిసిన ముడి ఊడలేదు. ఆయన విసురుగా ముడిలోంచి చెయ్యి బయటికి లాక్కుని, తువ్వాలు నాకే వదిలేసి, "సీటు మాత్రం నాదే" అని వెళ్లిపోయాడు.

ఆ సీటు నాదే. ఇప్పటికీ కోపంగానే చెబుతాను. ఆయన వైపు ముడిని మాత్రం విప్పబుద్ధి కాలేదు.