మెత్తటి కుర్చీలో సోలో

నా కుడిచెయ్యి మొదటిసారి వణికింది మంగళవారం పొద్దున పదకొండుంబావుకు. ఫిల్మ్‌నగర్‌లో, ముప్పై ఏళ్లుగా నేను వయొలిన్ వాయిస్తున్న రికార్డింగ్ స్టూడియోలోనే. ఆ రోజు పాట మధ్యలో ఎనిమిది బార్ల సోలో, నా వయొలిన్ ఒక్కటే వినిపించే ముక్క, నాది. అంతకుముందు నాకు సోలో వచ్చి రెండేళ్లు దాటింది. ఇది పాడైతే మళ్లీ పిలవరని తెలుసు.

ఇంట్లో నేలమీద కూర్చుని వాయిస్తాను. వయొలిన్ తల చీలమండకు ఆనుతుంది, చేతులకు బరువు తెలియదు. స్టూడియోలో అందరికీ కుర్చీలే. అందుకని పాదాలు రెండూ నేలకు ఆనే గట్టి చెక్క కుర్చీ ఒకటి ఎప్పుడో నాదిగా చేసుకున్నాను. ఆ రోజు నా చోట మెత్తటి కుర్చీ ఉంది. కూర్చోగానే నడుము దిగబడి మోకాళ్లు పైకి లేచాయి. నా చెక్క కుర్చీలో పక్కావిడ ఉంది. చర్చిలో వయొలిన్ నేర్చుకుని, పన్నెండేళ్లుగా నా పక్కన వాయిస్తున్న మనిషి.

రికార్డింగ్ మొదలైనట్టు ఎర్ర లైటు వెలిగింది. మూడో బారులోనే కమాను తీగమీద గడగడలాడింది.

"అమ్మా, వన్ మోర్," అన్నాడు అద్దం వెనక నుంచి సంగీత దర్శకుడు.

రెండోసారి ఇంకా ఘోరం. పక్కావిడ నా వైపు వంగింది.

"అక్కా, లైటు వెలగ్గానే భుజాలు చెవుల దాకా లేపేస్తున్నారండీ. ఊపిరి బిగబట్టేస్తున్నారు. ముందు వదిలి, అప్పుడు కమాను వెయ్యండి."

"నా కుర్చీల కూసొని నాకే చెప్తున్నవా?"

"అయ్యో, కావాలంటే తీసుకోండి!" అంది కానీ, లేవలేదు.

పది నిమిషాలు విరామం ఇచ్చారు. కుర్చీలు సర్దే అతన్ని బయట పట్టుకున్నాను.

"నేనే మార్చిన అమ్మా. ఆ చెక్క కుర్చీ కిర్రుమంటది. సోలో మైకు మీ పక్కనే ఉంటది గదా, అంతా పట్టుకుంటది."

"కిర్రుమంటదని ఎవరు చెప్పిండ్రు?"

"ఎవరో అన్నరు. జర యాదికొస్తలేదు," అని టీ కప్పులోకి చూశాడు.

లోపలికి వెళ్లేసరికి పక్కావిడ హెడ్‌ఫోన్లు పెట్టుకుని నా ఎనిమిది బార్లు వాయిస్తోంది. నాది కుదరకపోతే ఉంటుందని, సేఫ్టీకి ఒక టేక్ తీసుకున్నామన్నారు.

మైకు కిందికి దించమని చెప్పి నేలమీద కూర్చున్నాను. ఎవరికీ తెలియకుండా ఆవిడ చెప్పినట్టే ఊపిరి వదిలి కమాను వేశాను. చెయ్యి వణకలేదు. ఆవిడ మాట నిజమే. దాంతో నా అనుమానం తగ్గలేదు, పెరిగింది. నా భుజాల్ని అంత శ్రద్ధగా ఎందుకు చూస్తోంది?

"మీది బావుందమ్మా. కానీ కింద కూర్చుంటే సౌండ్ మారిపోయింది, మిగతా పాటతో కలవట్లేదు. ఆవిడది ఉంచుతున్నాం," అన్నాడు సంగీత దర్శకుడు.

రోజూ ఇద్దరం కలిసి యూసుఫ్‌గూడ దాకా ఒకే ఆటోలో వెళ్తాం. ఆవిడ గేటు దగ్గర నిలబడి ఉంది. నేను వేరే ఆటో పిలిచాను.

పోయినవి: ఎనిమిది బార్ల సోలో ఒకటి. ఆ స్టూడియో నుంచి రావలసిన పిలుపులు, ఇప్పటివరకు అన్నీ. పన్నెండేళ్ల స్నేహం ఒకటి.