బోల్టు మీద ఎర్ర గీత

సౌదీలో మేముండే జిజాన్‌లో తుప్పు పట్టని వస్తువు లేదు. మా ఇంటి నుంచి సముద్రం కనపడదు గాని, దాని తడి మాత్రం రోజూ వచ్చి అన్నింటినీ తాకి పోతుంది. పాప గౌను జిప్పు, పిన్నీసులు, నా డ్యూటీ కత్తెర, ఏదో ఒకటి ఎప్పుడూ రుద్దుతూనే ఉంటాను. వాటితో పేచీ లేదు. నా భయమంతా గేటు లోపల నిలబెట్టిన పాత మోటార్ సైకిల్ గురించి.

మా ఆయన ఏసీలు బాగుచేసే టెక్నీషియన్. కంపెనీ వాళ్లు వ్యాన్ పంపడం మానేశాక, ఎగ్జిట్ వీసా మీద దేశం వదిలి వెళ్లిపోతున్న ఒక పాకిస్తానీ దగ్గర ఆ బండి కొన్నారు. పనికి నీళ్ల ట్యాంకర్ల మధ్య హైవే మీద వెళ్లాలి. నేను ఎమర్జెన్సీలో నర్సుని. నాకు రాత్రి డ్యూటీ, ఆయనకు పగటి పని. పొద్దున హాస్పిటల్ బస్సు దిగి పాపను ఆయన చేతుల్లోంచి అందుకుంటాను, ఆయన బండి తీస్తారు. చేరగానే సెల్లుకి మిస్డ్ కాల్ ఇవ్వాలని ఒప్పందం. బండి మీంచి పడ్డవాళ్లకు రాత్రంతా కట్లు కట్టి వచ్చినదాన్ని. పాప పడుకున్నా, ఆ కాల్ వచ్చేదాకా నాకు కన్ను మూతపడదు.

పోయిన చలికాలంలో ఒక శుక్రవారం, ఆయన సెలవు రోజు, పొద్దున వెనక చక్రం వైపు వంగి చూశాను. నట్లు, బోల్టులు అన్నీ పొరలు పొరలుగా లేచి ఉన్నాయి. వేలు పెడితే పొడి రాలింది.

"ఇవన్నీ మార్చేయండి," అన్నాను.

"పైపై తుప్పే. వెనిగర్లో నానేసి రుద్దితే కొత్తవాటిలా ఉంటాయి."

"లోపల ఎంత తినేసిందో మీకెలా తెలుసండి?"

"నీకెలా తెలుసు?"

నాకూ తెలీదు. కళ్లు మండుతున్నా లోపలికి వెళ్లి పడుకోలేదు. పాపను ఒళ్లో పెట్టుకుని మెట్టు మీదే కూర్చున్నాను. ఆయన నిట్టూర్చి పనిముట్ల పెట్టె తెచ్చారు.

కింది వాటాలో ఉండే కడప భాయ్ టీ గ్లాసుతో బయటికొచ్చారు. ఆయన స్కూలు బస్సు నడుపుతారు.

"ఏందప్పా, రిపేరా, పోస్టుమార్టమా?"

"రిపేరే భాయ్. మా ఇంట్లో ఆర్డర్."

"నీ మొగుడు యాడికి పోయినాడో కనుక్కునేది శానా సులువు పాపా," అన్నారు భాయ్ నా వైపు తిరిగి. "దావంతా తుప్పు రాలుంటాది."

నవ్వే ఓపిక లేదు గాని నవ్వాను.

బ్రేకు వేసినప్పుడు వెనక డ్రమ్ము చక్రంతోపాటు తిరిగిపోకుండా పట్టి ఉంచే ఇనుప పట్టీ ఒకటుంది. దాని బోల్టుకు పానా వేస్తే జారిపోయింది. ఆయన నూనె పోసి, కాసేపు ఆగి, సుత్తితో తట్టి మళ్లీ తిప్పారు. పెద్దగా బలం పెట్టకుండానే పుటుక్కున విరిగింది.

విరిగిన ముక్కను చూసి, నా చేతిలో పెట్టారు. విరిగినచోట దాదాపు అంతా గోధుమరంగే. ఎప్పుడో పగిలింది, తుప్పు లోపలిదాకా పాకింది. ఒక అంచున మాత్రం, కత్తిరించి పారేసిన గోరంత మేర తెల్లగా మెరుస్తోంది. నిన్నటిదాకా ఆయన బ్రేకును పట్టి ఉంచింది ఆ కాస్త ఇనుమే.

భాయ్ గ్లాసు కింద పెట్టారు. "నమాజు అయినాక అంగడి తెరుస్తారు. నా కార్లో పోదాం పా," అన్నారు.

చెప్పానా అని ఆయన్ని దెప్పాలనిపించలేదు. ముక్కను మెట్టు మీద పెట్టి పాపకు పాలు కలపడానికి వెళ్లాను.

సాయంత్రానికి చక్రానికి, బ్రేకుకు కొత్త నట్లు, బోల్టులు వచ్చాయి. మడ్‌గార్డు బోల్టుల్ని మాత్రం ఆయన పట్టుబట్టి స్టీలు గ్లాసులో వెనిగర్ పోసి నానబెట్టారు. ఆ గ్లాసును నేను మళ్లీ వంటింట్లోకి రానివ్వలేదు.

హాస్పిటల్లో కట్టు మీద రక్తం ఊరితే, మేం మరక అంచు వెంట పెన్నుతో గీస్తాం. మరక ఆ గీత దాటిందంటే లోపల ఇంకా కారుతోందన్నమాట. డ్యూటీలో గోళ్లరంగు వేసుకోనివ్వరు కాబట్టి పెళ్లినాటి సీసా నిండుగానే ఉంది. దానితో ఒక్కో కొత్త నట్టు మీంచి పక్కనున్న ఇనుము మీదికి ఎర్రగా గీత గీశాను. నట్టు కదిలితే గీత తెగుతుంది.

"బండిని పెళ్లికూతుర్ని చేస్తున్నావేంటి?" అన్నారాయన.

అప్పట్నుంచి బస్సు దిగగానే ముందు గీతలు చూడటం, తర్వాతే పాపను అందుకోవడం. కొన్ని వారాలు గీతలన్నీ అలాగే ఉన్నాయి. చూడటం మానేద్దామా అనుకుంటున్న రోజుల్లోనే, ఒక పొద్దున బ్రేకు పట్టీ నట్టు మీద గీత వెంట్రుకంత తప్పుకుని కనిపించింది.

"సాయంత్రం బిగిస్తాలే. ఆలస్యమైతే ఫోర్‌మన్ అరుస్తాడు," అన్నారు.

"అరవనివ్వండి."

గొడవ పడే శక్తి లేదు. బండి తాళంచెవి పిడికిట్లో పెట్టుకుని మెట్టు మీద కూర్చున్నాను, అంతే. ఆయన చంకలో పాప నా వైపు చేతులు చాపింది. ఆయన పాపను నా ఒళ్లో దించి, వెళ్లి పానా తెచ్చారు. బిగిస్తే నట్టు కొద్దిగా తిరిగింది. తెగిన గీత మళ్లీ కలవలేదు, పాత చోటు దాటి ముందుకు పోయింది.

"సీసా తీసుకురా. పక్కనే ఇంకోటి గియ్యి," అన్నారు.

గీశాను. ఆలస్యమైపోతున్నా, అది ఆరేదాకా ఆయన బండి కదపలేదు.