సూరన్న గారి మొహం, మావయ్య పరుపు

పరుపు కనిపిస్తే నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. పరుపంటే నిద్ర గుర్తొచ్చే అదృష్టవంతులు మీరు. నాకు మాత్రం మామిడికుదురు కొబ్బరితోటలో, ఊరందరి ఎదుట, ఒక స్వర్గస్థుణ్ణి ఆరు చొక్కాల మీద ముక్కలు ముక్కలుగా ఊరేగించిన సాయంత్రం గుర్తొస్తుంది. హత్యే చేసి ఉంటే కాస్త మర్యాద మిగిలేది.

అప్పటికి డిప్లొమా పూర్తిచేసి, కంప్యూటరూ రంగుల ప్రింటరూ కొనుక్కుని, వాటికి దుప్పటి కప్పి ఇంట్లో పెట్టుకున్నాను. ఇక కావలసింది రోడ్డు మీద ఒక గది. బస్సులు ఆగే చోట డీటీపీ సెంటరు పెడితే చుట్టుపక్కల శుభలేఖలన్నీ నావే. అలాంటి గది ఊళ్ళో ఒక్కటే ఉంది. అది సత్తిబాబు గారిది. దాని తాళంచెవి ఆయన మొలతాడుకి వేలాడుతూ ఉండేది. ఎవరడిగినా "చూద్దామండీ" అనేవారు.

ఆయన తండ్రి సూరన్న గారు పోయి ఏడాదైన సందర్భంగా వాలీబాల్ పోటీలు పెట్టారు. మా ఊరి జట్టుకి సూరన్న గారి మొహమూ పేరూ అచ్చువేసిన టీషర్టులు కావాలన్నారు. రాజమండ్రి పంపిద్దామనుకుంటుంటే నేను అడ్డుపడ్డాను.

"ఇంట్లోనే చేసేస్తానండి."

"ఇంట్లోనాండీ? ఆయ్, చేసేయండి. బాగా వస్తే గది సంగతి చూద్దామండీ."

నా ధైర్యమంతా వీర్రాజు మావయ్య తెచ్చిన కాగితాల కట్ట. మావయ్య మస్కట్‌లో పని మానేసి వచ్చి, ఏ వ్యాపారం పెట్టాలో మా ఇంట్లో పడుకుని ఆలోచిస్తుండేవాడు. కూర్చుంటే ఆయనకి ఆలోచన రాదు. అందుకని అంబాజీపేట నుంచి నమూనాకంటూ ఒక కొబ్బరిపీచు పరుపు కూడా తెచ్చుకున్నాడు. ఇక ఆ కాగితం సంగతి: బొమ్మ దాని మీద ప్రింటు తీసి, చొక్కా మీద బోర్లించి, ఇస్త్రీపెట్టెతో గట్టిగా ఒత్తి, కాగితం ఊడదీస్తే బొమ్మ గుడ్డకి అంటుకుంటుంది.

మీరేమనుకుంటున్నారో నాకు తెలుసు. బొమ్మని అద్దంలోలా తిప్పడం మరిచిపోయి ఉంటాడు, పేరు తిరగబడి ఉంటుంది అనుకుంటున్నారు. నన్నంత తక్కువ అంచనా వేసినందుకు నాకు మీ మీద కూడా కోపంగానే ఉంది. తిప్పాను. నూలు చొక్కాలే కొన్నాను. ఒత్తే ముందు చెమ్మ లేకుండా ఆరబెట్టాను. సరిగ్గా మొదటి చొక్కా బల్ల మీద పరచగానే కరెంటు పోయింది. బెదరలేదు. ఎదురింటి నుంచి బొగ్గుల ఇస్త్రీపెట్టె తెచ్చి, కొబ్బరిచిప్పల నిప్పులు పోసి, నీటిచుక్క చిలకరించి 'చుయ్' శబ్దాన్ని బట్టి వేడి అంచనా వేశాను. ఆరు చొక్కాల మీదా సూరన్న గారు కళ్ళజోడుతో, కోర మీసంతో, పందెంలో గెలిచిన పుంజులా వచ్చారు. నాకే దణ్ణం పెట్టాలనిపించింది.

అక్కడితో ఆగితే నేను మనిషినే. కానీ ఆ కట్ట మీద ఇంగ్లీషులో, "చల్లారేదాకా వేలాడదీయండి" అని రాసి ఉంది. వేలాడదీస్తే వాకిట్లో దుమ్ము, పైన కాకులు. కాబట్టి కట్ట మీద అది రాసినవాడికన్నా నేను లోతుగా ఆలోచించాను. బొమ్మకి దుమ్ము తగలకూడదంటే ఏం చేయాలి? బొమ్మ మీద బొమ్మ పెట్టాలి. వేడి వేడిగా ఉన్న చొక్కాలని మొహానికి మొహం ఆనేలా జతలు జతలుగా పేర్చాను. ముడత పడకూడదంటే? పరుపు కింద పెట్టాలి. మన ఇళ్ళల్లో ఇస్త్రీ బట్ట పరుపు కిందే కదా ఉండేది! పెట్టాను. మీద బరువు కావాలి. మావయ్య భోజనం ముగించి ఆవులిస్తూ వచ్చాడు.

"కింద ఏం పెట్టేవురా, ఎత్తుగా ఉంది?"

"సూరన్న గారు."

"పోయినాయన కదరా!"

"చొక్కాలు మావయ్యా. నువ్వు కదలకుండా పడుకో. ఒత్తిడి అంతటా సమానంగా పడాలి."

"అదొక్కటీ నాకొచ్చిన పనేరా," అని మావయ్య ఒరిగాడు. పైన రేకుల కప్పు, నడివేసవి, మధ్యలో మావయ్య. కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడిందంటారు. నేను దుమ్ముకి మందేశాను.

ఆట వేళకి జట్టు కెప్టెన్ నాని మనుషులతో వచ్చాడు. నేను గర్వంగా పరుపెత్తి మొదటి జత తీశాను. విడిపోలేదు. నానీ ఒక వైపు, నేనొక వైపు పట్టుకున్నాం.

"లాగమంటారాండీ?"

"లాగు."

చర్ర్‌మంది. ఒక చొక్కా మీద సూరన్న గారికి రెండు ముక్కులు, రెండు మీసాలు. రెండో దాని మీద కళ్ళజోడు మాత్రం గాలిలో తేలుతోంది. రెండో జత లాగితే చెవులన్నీ ఒక దాని మీదికి పోయాయి. మూడో జతలో ఒక చొక్కాకి సూరన్న గారి పేరు మిగిలింది, మనిషి లేడు.

"బనీన్లతో ఆడండి!" అని అరిచాను.

"కుదరదండీ. సూరన్న గారు మా గుండెల మీదుంటారని సత్తిబాబు గారు మైకులో చెప్పేసేరండీ."

"అయితే చొక్కాలు తిరగేసి తొడుక్కోండి!"

"అప్పుడు మా గుండెల లోపలుంటారండీ," అన్నాడు ఆ వెధవ.

వేసుకెళ్ళారు. అవతలి రాజోలు జట్టు మొదటి సర్వీసుకే నవ్వుతూ కూలబడింది. బంతి వచ్చినప్పుడల్లా వాళ్ళు రెండు ముక్కుల వైపు చూడటం, బంతి వాళ్ళ వెనక పడటం. మా వాళ్ళు గెలిచారు. ఆ గెలుపు చూస్తే నాకు మరింత ఒళ్ళు మండింది.

"ఇంజనీరు గారండీ, ఒక్కసారి ఇలా దయచేస్తారాండీ?" అని సత్తిబాబు గారు పిలిచారు. మా వైపు కోపం పెరిగేకొద్దీ 'అండీ'లు పెరుగుతాయి. తిడుతున్నారంటే బతికినట్టు. దయచేయమన్నారంటే అయిపోయినట్టు.

"మా నాన్నగారికి ముక్కులెన్నండీ?"

"ఒకటేనండీ."

"మరి వీడి మీద రెండున్నాయేంటండీ?"

"ఒకటి పక్కవాడిదండీ."

"పక్కవాడి మీద ఎన్నున్నాయండీ?"

"ఒక్కటీ లేదండీ."

"ఆయ్, లెక్క సరిపోయిందండీ. చదువుకున్నవారు కదండీ."

ఇంతలో సూరన్న గారి భార్య మంగాయమ్మ గారు కర్ర ఊతంగా నడుస్తూ ఫొటో కోసం వచ్చారు. జట్టుని ఎగాదిగా చూశారు. "మీసం ఎవడి దగ్గరుందిరా? నువ్వు మధ్యకి రా. చెవులోడా, నువ్విటు. కళ్ళజోడు ఆ పక్కన. ఆ, ఇప్పుడొచ్చేరు మా ఆయన. బతికున్నప్పుడూ ఇంతేగా, మనిషొకచోట, మనసొకచోట," అన్నారు. తోటంతా పగలబడి నవ్వింది. సత్తిబాబు గారు మాత్రం నవ్వలేదు. ఆయన చెయ్యి మొలతాడు మీదే ఉంది.

అప్పుడు నన్ను కాపాడదామని మావయ్య ముందుకొచ్చాడు. ఆ పుణ్యాత్ముడి నోరు ఆ క్షణంలో ఇస్త్రీ చేసి ఉండవలసింది.

"తప్పు మా వాడిది కాదండీ. పరుపుదండీ. కొబ్బరిపీచుది. ఎంత సమానంగా అదిమిందంటే, మీసంలో వెంట్రుక కూడా వదల్లేదండీ."

సత్తిబాబు గారి కనుబొమలు లేచాయి. "ఏ పరుపండీ? నాకు నడుం నొప్పండీ."

ఆ సాయంత్రమే మా ఇంటికొచ్చి, పరుపు మీద కూర్చుని, రెండుసార్లు ఎగిరి, ఒరిగి, కళ్ళు మూసుకున్నారు. లేచేటప్పుడు మొలతాడు నుంచి తాళంచెవి విప్పారు. నేను చెయ్యి చాపాను. ఆయన నా చెయ్యి పక్కనుంచి మావయ్య చేతిలో పెట్టారు.

ఇప్పుడు ఆ రోడ్డు మీది గదిలో వీర్రాజు కొబ్బరిపీచు పరుపుల దుకాణం ఉంది. గోడ మీద మావయ్య జట్టు ఫొటోకి ఫ్రేము కట్టించి పెట్టాడు. ఎవరొచ్చినా రెండు ముక్కులు చూపించి, "ఇదిగోండి, మా పరుపు పనితనం" అంటాడు. దాని కరపత్రాలు వేసిపెట్టింది కూడా నేనే, ఇంట్లోనే, దుప్పటి తీసి.

కాబట్టి ఆరిన ఇస్త్రీపెట్టె మీద చెయ్యి వేసి ప్రమాణం చేస్తున్నాను. ఇకమీదట ఏ పెద్దమనిషి మొహాన్నీ ఆయన మొహం మీదే బోర్లించను. వేలాడదీయమంటే వేలాడదీస్తాను, కాకులున్నా సరే. నా మేనమామ నిద్రని ఏ సాంకేతిక పనికీ వాడుకోను. ఆ దుకాణంలో పరుపు కొనే ప్రసక్తే లేదు. చాప మీదే పడుకుంటున్నాను. నడుం విరిగిపోతోంది, అయినా కొనను.