నాయిన నడిపిన సైకిల్

ఈ ఉదయం శామీర్‌పేట చెరువుకట్ట దగ్గర ఒక మోటారు సైకిల్ నా పక్కకు వచ్చి నెమ్మదించింది. దాని మీది యువకుడు హెల్మెట్ అద్దం పైకెత్తి, "పంచరయ్యిందా తాతా?" అని అడిగాడు. పాత సైకిల్‌ను చేత్తో పట్టుకొని రోడ్డు వార నడిచే ముసలివాణ్ణి చూస్తే ఎవరికైనా వచ్చే అనుమానమే అది. కొన్ని నెలలుగా ఈ ప్రశ్న నాకు పొద్దుటి చాయంత అలవాటు. ఈ రోజు నేనిచ్చిన జవాబు మాత్రం మునుపటిది కాదు. అదేమిటో చెప్పాలంటే ముందు సైకిల్ సంగతి చెప్పాలి. జీడిమెట్లలో ఒక ఇంజనీరింగ్ కంపెనీ స్టోర్స్‌లో ఉద్యోగమంతా గడిపి, డైరీ రాయనిదే నిద్రపట్టని మనిషిని నేను. వరుస తప్పితే నాకు మాట సాగదు.

నల్లటి, ఎత్తైన, కడ్డీ బ్రేకుల సైకిల్ అది. మా నాయిన కొన్ననాటికే పాతది. తోలు సీటు మీద కూర్చుంటే స్ప్రింగులు ముసలి మేకలాగా మూలుగుతాయి. అన్నిటికన్నా వింతగా కనిపించేది దాని క్యారియర్. అటూ ఇటూ రెక్కలు వచ్చినట్టు ఇనుప చట్రం ఉంటుంది. ఇప్పుడు విల్లాల గేట్లు, వాచ్‌మెన్లు కనిపించే ఈ దారిలో నా చిన్నతనంలో అంగూర్ తోటలుండేవి. ద్రాక్ష అనే మాటను మేము బడి పుస్తకంలోనే చూశాం, నోటికి వచ్చింది అంగూరే. నాయిన ఒక తోటలో పనిచేసేవాడు. గంపల అడుగున ఆకులు పరిచి, గుత్తులు పేర్చి, తడి గోనెపట్టా కప్పి, ఆ ఇనుప రెక్కల మీద రెండు గంపలు కట్టుకొని బొల్లారం మార్కెట్‌కు తీసుకెళ్లేవాడు. సైకిల్ ఇంటికి వచ్చాక కూడా దాని చుట్టూ పుల్లపుల్లని తీపి వాసన, దాని వెనకాల రెండు కందిరీగలు ఉండేవి. నాయిన ఎప్పుడూ సైకిల్ పక్కన నడిచే వెళ్లేవాడు. ఎక్కితే కుదుపులకు పండు నలుగుతుందనేవాడు. మార్కెట్ నుంచి వచ్చేటప్పుడూ నడిచే వచ్చేవాడు. ఖాళీ గంపలు గాలికి ఎగిరి పడతాయనేవాడు. బడి లేని రోజు నన్ను సీటు మీద కూర్చోబెట్టి తోటంతా తిప్పేవాడు. ఎడమ చెయ్యి హ్యాండిల్ మీద, కుడి చెయ్యి నా నడుము వెనక సీటు మీద. కాళ్లు పెడల్స్‌కు అందకపోయినా చెయ్యి చాస్తే పందిరి గుత్తులు అందేవి. అంత ఎత్తు నుంచి లోకాన్ని నేను మళ్లీ ఎన్నడూ చూడలేదు.

నాయినకు ఒక పట్టింపు ఉండేది. "సైకిల్ తొక్కిన" అనే మాట ఆయన ముందు అనకూడదు. "అన్నం పెట్టేదాన్ని తొక్కుతమారా? నడిపిన అనాలె" అని కసిరేవాడు. అందుకని మా ఇంట్లో ఎవరమూ సైకిల్ తొక్కలేదు, అందరమూ నడిపాం. త్రిభుజంలో నుంచి కాలు దూర్చి కైంచి నేర్చుకున్నదీ, పెద్దయ్యాక మేడ్చల్ నుంచి జీడిమెట్ల దాకా డ్యూటీకి పోయి వచ్చిందీ ఆ సైకిల్ మీదనే. ఇంటికొచ్చి నేను చెప్పిన మాట మాత్రం "నడుపుకుంట వచ్చిన" అనే.

రిటైరయ్యాక పొద్దున్నే ఆ సైకిల్ మీద చెరువుకట్ట దాకా వెళ్లి రావడం మొదలుపెట్టాను. దారిన పోయేవాళ్లు పలకరించడం అప్పుడే మొదలైంది. కొందరు ఫొటో దిగేవారు. మెరిసే హెల్మెట్లు, బిగుతు లాగులతో ఆదివారాలు సిటీ నుంచి సైకిళ్ల మీద వచ్చే సాఫ్ట్‌వేర్ పిల్లల్లో ఒకడు, "అంకుల్, దీనికి గేర్లు ఎన్ని?" అని అడిగాడు. "రెండే నాయనా. రెండూ నా మోకాళ్లలనే ఉన్నయి" అన్నాను. నన్ను ఆశ్చర్యపరిచింది వీళ్లు కాదు, ఆ క్యారియర్‌ను చూసి ఆగినవాళ్లు. ఒక రోజు పెద్ద కారు ఆపి ఒకాయన దిగాడు. నన్ను చూడనే లేదు. తిన్నగా వచ్చి ఇనుప రెక్క మీద చెయ్యి వేసి, "ఇది పాలోళ్ల సైకిలే గద సార్! మా బాపుది అచ్చం గిదే. గీడ క్యాన్లు కట్టేటోడు, నేను ముంగట రాడ్ మీద కూసుండేటోన్ని" అన్నాడు. నేను ఉన్నది ఉన్నట్టు చెప్పే మనిషిని కనుక, "కాదండీ, ఇది అంగూర్ గంపలది" అన్నాను. "ఓ, పాలది కాదా" అని ఆయన చెయ్యి తీసేశాడు. ఆ చెయ్యి తీసిన తీరు చూశాక నేనింకెవరికీ కాదని చెప్పలేదు.

మేడ్చల్ చర్చి ముందు, ప్రార్థన ముగిసి బయటికొచ్చిన ఒకామె బైబిల్ చంకలో పెట్టుకొని సైకిల్ చుట్టూ తిరిగింది. "అంకుల్, ఇది రొట్టెల సైకిల్ గదా? మా డాడీ గిసొంటి క్యారియర్ మీదనే రేకుడబ్బ పెట్టుకొని బన్నులు అమ్మేటోడు" అంటూ వంగి వాసన చూసింది. "ఇంకా వాసనొస్తాంది అంకుల్" అంది, కళ్లు తుడుచుకుంటూ. నాకు గ్రీజు వాసన తప్ప మరేమీ రాలేదు. అయినా "ఔనమ్మా" అన్నాను. కీసర వైపు నుంచి వచ్చిన ఒక మీసాల పెద్దమనిషి, "ఇది కల్లు లొట్లు మోసిన బండి. దీన్ని జూస్తెనే నిషా ఎక్కుతాంది" అన్నాడు. ఆయన తండ్రి తాళ్లెక్కేవాడట. నా డైరీలో ఆ రోజుల్లో 'ఈ రోజు సైకిల్ పాలది', 'ఈ రోజు రొట్టెలది' అని రాసుకున్నాను. ఒక ఇనుప చట్రం ఇంతమంది తండ్రులను ఎలా మోస్తున్నదా అని రాత్రి వరండాలో దాన్ని చూస్తూ నిలబడేవాణ్ణి. "సైకిల్‌కు ఇంతమంది చుట్టాలున్నరని తెలుస్తె మా పెండ్లిల ఇంకో పంక్తి ఏసేటోళ్లు" అనేది మా ఆవిడ.

ఉన్నట్టుండి నాకు తల తిరగడం మొదలైంది. చెవి లోపలి లోపమన్నారు. సైకిల్ మీద నుంచి పడితే ఇక లేవడం కష్టమని డాక్టర్ చెప్పాడు. "ఇగ ఎక్కితె నా మీద ఒట్టే" అంది మా ఆవిడ. ఎక్కడం మానేశాను కాని విడిచి వెళ్లలేక చేత్తో పట్టుకొని నడవసాగాను. జనం మాట ఒక్కసారిగా మారిపోయింది. పాలూ రొట్టెలూ పోయి, అందరి నోటా ఒక్కటే, పంచరయ్యిందా? ఎక్కలేనని చెప్పడానికి సిగ్గేసి "ఔను" అనేవాణ్ణి. ఒక రోజు ఒక ఆటో అతను "గీ వయసుల ఎంత దూరం తోస్తవే కాకా" అని, వద్దంటున్నా వినకుండా సైకిల్‌ను, నన్ను ఆటోలో ఇరికించి పంచర్ల దుకాణానికి తీసుకెళ్లాడు. దుకాణమాయన ట్యూబు ఊడదీసి, నీళ్ల తొట్టిలో ముంచి, చుట్టూ తిప్పి చూశాడు. ఒక్క బుడగ రాలేదు. "ట్యూబు బంగారం లెక్కున్నది. పంచర్ యాడ?" అన్నాడు. "మరి నడుస్తున్నవేందే కాకా?" అన్నాడు ఆటో అతను. నేను వంగి చైను సర్దుతున్నట్టు నటించాను. చివరికి దుకాణమాయనకే జాలి కలిగి, "కీసరగుట్ట దాక నడుస్తనని మొక్కుకున్నడేమో తీ" అన్నాడు. తల ఊపి బయటపడ్డాను.

ఆ సాయంత్రమే నేను ఒక హోటల్ యజమానికి ఫోన్ చేశాను. శామీర్‌పేట రోడ్డులో కొత్తగా కట్టిన హోటల్ అది. లోపల తిరుగలి, కందిళ్లు, పాత రేడియో పెట్టి జనానికి పాతకాలం చూపిస్తారు. ఆయన నా సైకిల్‌ను ఎప్పటి నుంచో అడుగుతున్నాడు. "ఎంట్రెన్స్ గోడకు ఎక్కిస్త సార్. ఇగ జన్మల దిగది. వచ్చినోళ్లందరు ఫొటోలు దిగుతరు" అన్నాడు. ఆదివారం తెచ్చిస్తానని మాటిచ్చాను. ఎక్కలేనివాడికి సైకిల్ ఎందుకు, పదిమంది కళ్లముందు ఉంటే అంతే చాలని మా ఆవిడతో చెప్పాను. ఆమె బియ్యం ఏరుతూ ఉంది. "గోడకు తగిలేసేది పోయినోళ్ల ఫొటోలను గదా" అని మాత్రం అంది.

ఆదివారం ట్రాలీ పంపుతానని హోటల్ ఆయన అన్నా వద్దన్నాను. చివరిసారి నేనే తీసుకెళ్లాలనుకున్నాను. రాత్రే తుడిచి, నూనె వేశాను. దారిలో చెట్టు నీడన ఒక ముసలామె జామకాయల గంప పెట్టుకొని కూర్చుంది. నేను దాటిపోతుంటే వెనక నుంచి కేకేసింది. "ఓ పెద్దమనిషీ, అంగూర్ సైకిల్‌ను యాడికి కొంచవోతున్నవ్?"

నా కాళ్లు ఆగిపోయాయి. ఇన్నాళ్లలో ఆ మాట అన్నవాళ్లు లేరు. వెనక్కి తిరిగి వెళ్లి, "మీకెట్ల తెలుసమ్మా?" అన్నాను. వయసులో ఉన్నప్పుడు ఆమె మా నాయిన పనిచేసిన తోటలోనే గుత్తులు కోసేదట. ఫలానావారి కొడుకునని చెప్పగానే ఆమె పకపకా నవ్వింది.

"గందుకే అచ్చం గట్లనే నడుస్తున్నవ్! సైకిల్ రాని సైకిలాయన కొడుకువా నువ్వు?"

"రాకపోవుడేందమ్మా? బరువుండేది. పండ్లు నలుగుతయని నడిచేటోడు."

"పోయేటప్పుడు బరువు. వచ్చేటప్పుడేం బరువు బిడ్డా, గాలా?"

"ఖాళీ గంపలు ఎగిరిపోతయని..." అంటూ ఉండగానే నా మాట నాకే తేలిపోయినట్టనిపించింది.

"ఎగిరింది గంపలు గాదు, ఆయననే. కొన్నకొత్తల ఒక్కసారి ఎక్కిండు. తిన్నగ పోయి పందిరి గుంజకు గుద్దుకొని మా ముంగట్నే పడ్డడు. ఆడోళ్లమంత ఒకటే నవ్వుడు. ఇగ మళ్ల ఎక్కలే. నీకు జెప్పలేదా? ఎట్ల జెప్తడు తీ, కొడుకు ముంగట! మాతోని మాత్రం 'నా కొడుకు గాలి లెక్క పోతడు' అని మురిసేటోడు." ఆమె నా చేతుల వైపు చూసింది. "మరి నీకు గుడ రాదా?"

"వచ్చేదమ్మా. ఇప్పుడు ఎక్కలేను." పరాయి మనిషితో ఆ మాట పైకి అనడం నాకు అదే మొదలు.

"గంతేనా! మీ నాయినకు ఎన్నడు రాలే. అయినా సైకిల్ మీదనే బతికిండు గద" అని ఒక జామకాయ తీసి నా చేతిలో పెట్టింది.

ఆ చెట్టు కిందే చాలాసేపు నిలబడిపోయాను. ఎక్కి పోలేని సైకిల్‌తో ఆ మనిషి మా అందరికీ అన్నం పెట్టాడు. నేను కైంచి కొడుతుంటే వెనక పరుగెత్తుకుంటూ, "ముంగటికి జూడు, చక్రం దిక్కు జూడకు" అని తనకు రాని విద్యను నాకు నేర్పాడు. 'తొక్కిన' అనొద్దని ఎందుకన్నాడో ఇప్పుడు తెలిసింది. సిగ్గును దాచుకోవడానికి ఒక మాట వెతికి, ఆ మాటను మాకు మర్యాదగా చేసి ఇచ్చాడు. అందులోనూ ఆయన అబద్ధమాడలేదు. సైకిల్ నడిపిన అనేవాడు, నిజంగానే నడిపించాడు. తోట నుంచి బొల్లారానికి, బొల్లారం నుంచి ఇంటికి, బిడ్డను నడిపించినట్టు. నేను మూడు అడుగులు వేసి సిగ్గుపడుతున్న పనిని ఆయన జన్మంతా తలెత్తుకొని చేశాడు.

హోటల్ ఆయనకు ఫోన్ చేసి రావడం లేదని చెప్పాను. "ఏమైంది సార్, పంచరా?" అన్నాడు. నవ్వొచ్చి ఫోన్ పెట్టేశాను. సైకిల్‌ను వెనక్కి తిప్పుకొని ఇంటికొస్తే, మా ఆవిడ గేటు తీసింది. నా చేతిలోని జామకాయ తీసుకొని కోసి, ఉప్పూ కారం చల్లి తెచ్చింది.

ఈ ఉదయం ఆ యువకుడు పంచరయ్యిందా అని అడిగినప్పుడు, "లేదు బిడ్డా, గాలి నిండుగనే ఉన్నది. మా ఇంట్ల సైకిల్‌ను గిట్లనే నడుపుతం" అన్నాను. అతను ఒక క్షణం చూసి, "మస్తుంది తాతా" అని వెళ్లిపోయాడు. ఎడమ చెయ్యి హ్యాండిల్ మీద, కుడి చెయ్యి ఖాళీ సీటు మీద వేసి కట్ట మీద నడుస్తుంటే ఒకటి తోచింది. కాలం మనల్ని తొక్కుకుంటూ పోతుందని అందరూ అంటారు కాని, నన్ను మాత్రం అది ఎత్తున కూర్చోబెట్టి, వెనకాల ఒక చెయ్యి ఆనించి, ఇక్కడిదాకా మెల్లగా నడిపించుకుంటూనే తెచ్చింది.