కాటుకను ఒప్పించి పార్కుకు వెళ్ళిన రోజు

విశాఖ అవతల ఉన్న పెద్ద పార్కుకు ఒక్కరోజులో వెళ్ళి రావాలంటే ఏమేం సర్దుకోవాలని అడిగితే, ఎవరైనా టిక్కెట్లు, తువ్వాళ్ళు, రెండో జత బట్టలు అని చెబుతారు. అవన్నీ మేమూ సర్దుకున్నాం. కానీ వాటికంటే ముందు మేము ఒక గేదెను ఒప్పించాల్సి వచ్చింది. దానికే పన్నెండు రోజులు పట్టింది.

మాది నెల్లిమర్ల దగ్గర పల్లె. వరి, గోగు పండిస్తాం. ఇంట్లో నలుగురం: అమ్మ, నేను, నా భార్య హైమ, మూడో తరగతి చదువుతున్న మా అమ్మాయి జాను. పశువులశాలలో కాటుక. దాని ఒళ్ళు చూసి జానూయే ఆ పేరు పెట్టింది. కాటుక అమ్మ చేతికి తప్ప చేపదు. ఇంకెవరైనా పొదుగు దగ్గర కూర్చుంటే పాలు దాచేసుకుంటుంది, మరీ విసిగిస్తే కాలు విసురుతుంది. పాలు తియ్యకుండా వదిలేస్తే పొదుగు రాయిలా గట్టిపడి నొప్పితో అల్లాడిపోతుంది. అందుకని తెల్లవారుజామున నాలుగున్నరకూ, సాయంత్రం ఐదింటికీ అమ్మ ఇంట్లో ఉండి తీరాలి. మేము తిరుపతి వెళ్ళినప్పుడు అమ్మ రాలేదు. భావనపాడు సముద్రానికి వెళ్ళినప్పుడూ రాలేదు. "ఇంటికాడ ఒకలు ఉండాల కదరా, మీరెల్లండి" అనేది. మేమూ సరేనని వెళ్ళిపోయేవాళ్ళం. అది ఎంత తేలిగ్గా అనేవాళ్ళమో తలుచుకుంటే ఇప్పుడు సిగ్గేస్తోంది.

ఈసారి జాను అడ్డం తిరిగింది. క్లాసులో ఎవరో ఆ పార్కుకు వెళ్ళొచ్చి, అక్కడ నలుగురు కూర్చునే రబ్బరు పడవ ఒకటి కొండంత ఎత్తు నుంచి జారుతుందని చెప్పారట. "నలుగురంటే మనమే కదా నాన్నా. నాన్నమ్మ రాకపోతే నానూ రాను" అంది. పిల్లచేష్ట అనుకున్నాను. మర్నాడు కూడా అదే మాట. హైమ కూడా కూతురి వైపే చేరింది. ఇద్దరూ ఒకటైతే మా ఇంట్లో నా మాట చెల్లదు.

నాకు ప్రయాణమంటే ముందు కాగితం మీద రాసుకోవాలి. క్యాలెండరు వెనక గీతలు గీసి గంటలవారీగా రాశాను. ఉదయం పాలు తీసి అమ్మ బయలుదేరవచ్చు. తిరిగొచ్చేసరికి రాత్రి ఎనిమిదిన్నర. మధ్యలో సాయంత్రం ఐదు గంటల దగ్గర గడి ఖాళీగా ఉండిపోయింది. ఆ గడిలో ఎవరి పేరు రాయాలా అని ఆలోచిస్తుంటే మా బావ వచ్చాడు. సన్యాసిరావు బావ అంటే మా అక్క మొగుడు. నెల్లిమర్లలో సైకిల్ షాపు ఉంది. చిన్నప్పుడు గేదెల మధ్యే పెరిగాడు.

"దీనికేటి ఇంత ఆలోసన? నాను పిండీస్తాను" అన్నాడు.

అమ్మ గతుక్కుమంది. "అల్లుడి సేత పాలు పిండించుకున్నానంటే ఊర్లో నా మొకం ఎక్కడ ఎట్టుకోను బాబూ?"

"నీ మొకం పార్కులో ఎట్టుకో అత్తా. గేదె సంగతి నాకు ఒగ్గీ."

ఆ సాయంత్రమే కూర్చున్నాడు. కాటుక ఒక్క తాపు తన్నితే బకెట్టు వెళ్ళి పేడకుప్పలో పడింది. అమ్మ కొంగుతో నోరు మూసుకుని నవ్వింది. తర్వాత మెల్లగా అసలు సంగతి బయటపెట్టింది. "మా అమ్మ పురిటికెల్లినప్పుడల్లా మా నాన్న ఆవిడ కోక కట్టుకునే పిండేవోడు. గొడ్డుకి వాసనే గుర్తురా."

పెద్ద మీసాల మా బావ అత్తగారి పనికోక చుట్టుకుని గేదె దగ్గర కూర్చున్న దృశ్యం చూడడానికి వీధిలో సగంమంది వచ్చారు. కోకకు పేడ, తవుడు, అమ్మ చెమట, అన్నీ కలిసిన వాసన. ఉతకొద్దని అమ్మ గట్టిగా చెప్పింది. మొదటి మూడు రోజులు అమ్మ పక్కనే నిలబడి కాటుక మెడ నిమిరింది. తర్వాత గుమ్మం దగ్గరికి జరిగింది. ఆ తర్వాత గడ్డివాము వెనక్కి. పదో రోజుకి వీధి చివరికి వెళ్ళి కూర్చుంది. పన్నెండో రోజు బావ నిండు బకెట్టు పట్టుకొచ్చి, "అన్నీ నచ్చాయి బామ్మర్దీ, నా మీసం ఒక్కటే నచ్చట్లేదు దానికి" అన్నాడు. క్యాలెండరు గడిలో బావ పేరు రాసేశాను.

శివరాత్రి వెళ్ళాక వచ్చిన రెండో శనివారం. నాలుగున్నరకు అమ్మ పాలు తీసింది. కాటుకకు ఏదో చెవిలో చెప్పింది, మాకు వినపడలేదు. ఐదుంపావుకు ఆటో, ఆరింటికి నెల్లిమర్ల స్టేషన్లో పాసింజరు. కిటికీ పక్క సీటు అమ్మకిచ్చాం. విజయనగరంలో వంకాయల బుట్టతో ఒకామె ఎక్కి, అమ్మ పట్టుచీర చూసి, "ఏ తీర్తానికి ఎల్తన్నారమ్మా?" అని అడిగింది.

"తీర్తం కాదమ్మా. జారుడుబల్లలెక్కడానికి ఎల్తన్నాను" అంది అమ్మ, గొంతు కొంచెం పెంచి. బోగీలో అందరికీ వినపడాలని పెంచిందని నా అనుమానం.

ఎనిమిదింటికి విశాఖ. స్టేషను బయట ఇడ్లీ తిని, ఆటో మాట్లాడుకుని తొమ్మిదిన్నరకు పార్కు గేటు చేరాం. మీరు వెళ్తే ఇంతకంటే ఆలస్యం చెయ్యకండి. పదింటికి గేటు తీసేసరికి మా వెనక వరుస రోడ్డు దాకా ఉంది. ఇంకో మాట. బయటి తిండి లోపలికి రానివ్వరు. అది తెలిసీ అమ్మకు చెప్పడం మరిచాను. సంచీలో రెండు కిలోల పులిహోర. గేటు దగ్గర సంచీలు వెతికే అమ్మాయి మూత తీసి, వాసన చూసి, జాలిపడింది. "లోనకి ఒగ్గరమ్మా. ఇక్కడే కూకుని తినీండి." రోడ్డు పక్క చాప పరుచుకుని పదింటిలోపే మధ్యాహ్నం భోజనం కానిచ్చేశాం. ఆ అమ్మాయిది మా పక్క చీపురుపల్లే అని తెలిసి అమ్మ ఆకులో ఇంత పెట్టించి ఇచ్చింది.

అసలు చిక్కు లోపల వచ్చింది. నీళ్ళలోకి చీరతో దిగనివ్వరు. నైలాను చొక్కా, పైజామా అద్దెకిస్తారు, అవే వేసుకోవాలి. అమ్మ ఆ నీలం పైజామాను రెండు వేళ్ళతో పట్టుకుని పైకెత్తి చూసింది. "ఈ గొట్టాలా? సచ్చినా ఏసుకోను. నాను ఒడ్డున కూకుంటాను, మీరు ఆడుకోండి."

మళ్ళీ అదే మాట. ఇంటి దగ్గర ఉండిపోవడానికి బదులు ఇక్కడి ఒడ్డున ఉండిపోవడం, అంతే తేడా. జాను తడుముకోలేదు. "మావయ్య నీ కోక కట్టుకున్నాడు కదా నాన్నమ్మా. నువ్వు ఇది ఏసుకుంటే ఏటి?"

అమ్మ పైజామా చంకన పెట్టుకుని హైమతో గదిలోకి నడిచింది.

పదకొండింటికి అలల కొలను. పెద్ద బూర మోగితే నీళ్ళు ఒక్కసారిగా లేస్తాయి. మొదటి అలకు అమ్మ నా చెయ్యి పట్టుకుంది. రెండో అలకు వదిలేసింది. మూడో అల వచ్చేసరికి చేతులు రెండూ చాపి, నడుం లోతులో నిలబడి, "రాయే, రా!" అని దాన్ని కేకేసి పిలుస్తోంది. పక్కనున్న కాలేజీ పిల్లలు కూడా అమ్మను చూసి అదే కేక అందుకున్నారు. భావనపాడు ఇసుకలో ఈ కేక లేకుండా గడిపిన సాయంత్రం నాకు గుర్తొచ్చింది.

మధ్యాహ్నం రెండింటికి పార్కు క్యాంటీన్లో పెరుగన్నం. మూడింటికి రబ్బరు పడవ వరుసలో నిలబడ్డాం. గంటకు పైగా పట్టింది. మెట్లెక్కుతుంటే అమ్మ మోకాళ్ళు పట్టుకుని మధ్యలో ఆగింది గానీ దిగిపోదామని అనలేదు. పైన పడవ తోసే కుర్రాడు, "నలుగురూ ఒక ఇంటోళ్ళేనా? ఇంకొకల్ని ఎక్కించాలా?" అని అడిగాడు. "నిండిపోయాం!" అని జాను అరిచింది. కిందికి పడేదాకా ఎవరు ఎంత అరిచారో తెలీదు. నీళ్ళలోంచి లేచాక అమ్మ జుట్టు ముడి విడిపోయి, కళ్ళు ఎర్రబడి, "మళ్ళీ ఎక్కుదామా?" అని అడిగింది. మేము గెలిచేశామని అప్పుడే అనుకున్నాను.

మళ్ళీ ఎక్కలేదు. బట్టలు మార్చుకుని గేటు వైపు నడుస్తుంటే అమ్మ మాటలు తగ్గిపోయాయి. చేతికి గడియారం లేకపోయినా ఐదవుతోందని తెలిసిపోయింది. "ఈపాటికి నాకోసం తల తిప్పి సూస్తుంటాది" అంది.

ఐదుంపావుకు అక్క ఫోన్ చేసింది. ఏడుపు గొంతు. "ఒరే, తన్నేసిందిరా. బకెట్టు ఒంగిపోనాది. సుక్క పాలు ఇవ్వట్లేదు." ఏమైందని అడిగితే ఆగి ఆగి చెప్పింది. మొగుడు ఆ కంపుకోక కట్టుకోవడం చూడలేక, నిన్న సబ్బు పెట్టి ఉతికి, వాసనమందు నీళ్ళలో జాడించి, ఇస్త్రీ చేసి మరీ ఇచ్చిందట. ఇంటి అల్లుడికి మర్యాద. కాటుక దగ్గరికే రానివ్వలేదు.

నాకు ఒళ్ళు మండిపోయింది. అక్కను నాలుగు తిట్టాను. అమ్మ ఫోను లాక్కుని, "దాన్నేటి అంతావు? నాను రాకుండా ఉండాల్సింది" అంది. ఆ మాటతో ఉదయం నుంచి పోగేసుకున్న సంతోషమంతా కారిపోయినట్టయింది. హైమ అమ్మ తడి జుట్టు తువ్వాలుతో తుడిచింది. ఆరింటికి ఆటోలో స్టేషను చేరాం. ఆరున్నరకు పాసింజరు. ఉదయం నుంచి కిటికీ సీటు వదలని అమ్మ, ఇప్పుడు దాన్ని జానుకిచ్చి చివర కూర్చుంది.

పెందుర్తి దాటాక బావ ఫోను. స్పీకరు పెట్టాను.

"అత్తా! ఇచ్చీసింది! బకెట్టు నిండిపోనాది!"

"ఎలగ బాబూ?"

"గంట ఆగి మళ్ళీ ఎల్లాను. ఆ సెంటు కోక నాకే తలనొప్పొచ్చీసింది. ఇప్పి అవతల పారీసి, లుంగీ మీదే కూకున్నాను. 'తంతే తన్ను, నీ ఇష్టం' అన్నాను. వాసన సూసి, తల తిప్పుకుని, సేపీసింది. అంతే."

జాను చప్పట్లు కొట్టింది. ఎదురు సీటులో కునుకుతున్న పెద్దాయన లేచి, "ఏటైనాది? ఎవులు గెలిసేరు?" అని అడిగాడు. "మేమే" అని హైమ చెప్పింది.

అమ్మ ఒక్కతే నవ్వలేదు. "కోక లేకుండానా?" అని ఒకసారి, తనలో తనే మరోసారి అంది. ఇన్నేళ్ళుగా తను లేకపోతే గడవదనుకున్న గేదె, పన్నెండు రోజుల్లో ఇంకో మనిషిని కూడా తనవాడనుకుంది. ఆ మాట అమ్మకు గుచ్చుకుందేమోనని భయపడ్డాను. పాలిచ్చినందుకు సంబరపడాలో, అమ్మను ఓదార్చాలో తెలియలేదు.

ఏడుంపావుకు కొత్తవలస. బండి ఆగింది. అవతలి పట్టాల మీద ఇనుపరాయి నింపుకున్న గూడ్సు ఒకటి నిలబడి ఉంది. అమ్మ లేచి, జానును పక్కకు జరిపి, మళ్ళీ కిటికీ దగ్గర కూర్చుంది.

"ఆ బండి ఎక్కడ నుంచి వస్తాదిరా?"

"కొండల్లోంచి. అరకు మీదుగా."

"మనుషుల బండి ఎల్తాదా అటు?"

"పొద్దున్నొకటి ఉంది."

"పొద్దున్నెల్లి సాయంత్రానికి వచ్చీగలమా?"

"హడావుడైపోతుందే. ఒక రాత్రి అక్కడుంటే బాగుంటుంది."

అమ్మ వేళ్ళు మడిచి లెక్క చూసుకుంది. "సాయంత్రం ఒక పూట, మర్నాడు పొద్దున్న ఒక పూట. అల్లుడికి ఫోన్ సెయ్. రెండు పూటలని సెప్పు."

"ఇప్పుడేనా?"

"మరెప్పుడు? ఆ బాబు మీసం దానికి అలవాటైపోయినాది కదా" అంటూ అమ్మ అప్పుడు నవ్వింది, పొద్దున అలల్లో నవ్వినట్టే.

బండి కదలకముందే బావకు ఫోన్ కలిపాను.